శనివారం తిట్లు

శనివారం పొద్దున ఎనిమిది కాకముందే కుమ్‌లాస్‌లో నెరిస్ రిపేరు కొట్టు ముందు సైకిళ్ళు బారులు తీరేవి. పాలవాడు తొక్కే సైకిళ్ళు కావు. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, పాత పలకరాయి గని గుట్టల మీంచి కిందికి దూకడానికి చేసిన మౌంటెన్ బైకులు. వాటిని తొక్కేవాళ్ళు హెల్మెట్లు చంకన పెట్టుకుని, టీ మగ్గులు పట్టుకుని వానలో నిలబడేవాళ్ళు. వాన గురించి ఎవరూ మాట్లాడరు. మా వేల్స్‌లో వాన పడని రోజు గురించే మాట్లాడుకుంటాం.

వాళ్ళంతా ఎదురుచూసేది నెరిస్‌కి కోపం ఎప్పుడొస్తుందా అని.

నెరిస్‌కి కోపం వస్తే బోల్టులు బిగుసుకుంటాయి. ఆవిడ గొంతు వినపడినంత మేర ఎక్కడ ఏ బోల్టున్నా తనంతట తాను పావు చుట్టు తిరిగి గట్టిగా కూర్చుంటుంది. వాళ్ళ నాన్న గనిలో మేస్త్రీగా ఉన్న రోజుల్లో ఆయన కూలీల మీద కేకలేస్తే బండి పట్టాల నట్లు బిగిసేవట. కూతురికి ఆ కోపం, ఆయన ముక్కు, రెండూ వచ్చాయి. ఆవిడ పక్కింట్లో ఉండే మిసెస్ పారీ శనివారం లేస్తూనే కుళాయి తిప్పి కెటిల్ నింపుకునేది, జామ్ సీసా మూత తీసి పక్కన పెట్టుకునేది. తిట్లు మొదలయ్యాక ఆ మూత తీయాలంటే సుత్తి కావాలి.

వారమంతా రాళ్ళ మీద ఎగిరి పడిన సైకిళ్ళకి బోల్టులు వదులవుతాయి. హ్యాండిల్ బోల్టులు, పెడళ్ళ బోల్టులు, వెనక చక్రాన్ని ఊగనిచ్చే కీళ్ళ బోల్టులు. వేరే ఊళ్ళలో మనుషులు రెంచి పట్టుకుని ఒక్కొక్కటీ బిగించుకుంటారు. మా ఊళ్ళో ఆ అలవాటు ఎప్పుడో పోయింది. జేబులో బోల్టులు తిప్పే అలెన్ కీ ఉన్నవాడంటే కుమ్‌లాస్‌కి కొత్తవాడని అర్థం. మావాళ్ళకి కావలసిందల్లా నెరిస్ గుమ్మం ముందు నిలబడి ఆవిడకి ఒళ్ళు మండే మాట ఒకటి అనడం. ఆవిడ అరగంట తిడుతుంది. వీళ్ళు తలలొంచుకుని వింటారు. తర్వాత సైకిళ్ళు చేరవేసే ఐవర్ వ్యానెక్కి కొండ పైకి వెళ్ళిపోతారు.

దానికి ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. నెరిస్ గుమ్మం ముందు అన్న మాట లెక్కలోకి రాదు. నిజమా అబద్ధమా అని ఎవరూ అడగకూడదు, మనసులో పెట్టుకోకూడదు, ఇంటికి మోసుకుపోకూడదు. బోల్టుల కోసం అన్నారు, అయిపోయింది.

మొదట్లో చిన్న మాటలే సరిపోయేవి.

"ఆంటీ, మీ టీ తాగితే వాన నీళ్ళే నయమనిపిస్తోంది" అనేవాడొకడు.

"అయితే నోరు తెరిచి ఆకాశం కింద నిలబడరా, వెధవా! మా అమ్మ నేర్పిన టీ అది! మీ ఇంట్లో టీ సంచిని మూడు పూటలు ఆరేసి వాడతారని ఊరంతా తెలుసు!"

కిర్రు కిర్రుమని బోల్టులు తిరిగేవి. నవ్వుకునేవాళ్ళు. ఆవిడా చివరికి నవ్వేసి పెనం మీంచి తీసిన వేడి వేడి వెల్ష్ కేకులు పంచేది. ఆ రోజుల్లో దాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

అయితే ఉత్తుత్తి కోపానికి బోల్టు కదలదు. నిజంగా మండాలి. టీ మీద మాటలకి ఎన్నేళ్ళని మండుతుంది ఏ మనిషికైనా? మాటలు ముదిరాయి. చివరికి వీళ్ళకి ఎప్పటికీ పాతబడని మాట ఒకటి దొరికింది. అది దొరికిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

నెరిస్ భర్త పేరు అలెడ్. ఆ కొట్టులో అసలు మెకానిక్కు ఆయనే. భార్య కోపం ఎంత బిగించినా ఆయన నమ్మేవాడు కాదు. "కోపానికి కొలత లేదు నెరిస్, రెంచికి ఉంది" అనేవాడు. ప్రతి బోల్టూ తన చేత్తో బిగించి, కావలసినంత బిగియగానే చప్పుడు చేసే టార్క్ రెంచి టక్కుమనగానే ఆపి, బోల్టు తల మీంచి పక్క లోహం మీదికి పసుపు రంగుతో సన్నటి గీత గీసేవాడు. తర్వాత ఎప్పుడైనా ఆ బోల్టు వెంట్రుకంత తిరిగినా గీత రెండు ముక్కలై కనపడుతుంది. కళ్ళు మూసుకుని గీసినా ఆ గీత సూటిగా ఉండేది.

ఆరేళ్ళ కిందట ఒక పోటీ రోజున అలెడ్ దారి సరిచేయడానికి ముందే నడిచి కొండెక్కాడు. ఆయన సైకిలు వెనకాల ఐవర్ వ్యాన్‌లో వచ్చింది. పోటీలు నడిపేదీ, సైకిళ్ళు పైకి చేరవేసేదీ ఐవరే. అలెడ్‌కి చిన్నప్పటి స్నేహితుడు కూడా. అలెడ్ పైన సైకిలెక్కి బయల్దేరాడు. మొదటిసారి దూకే చోటే, చక్రం ఒక వైపు, హ్యాండిల్ ఒక వైపు అయిపోయి ఆయన గుట్ట మీంచి పడ్డాడు. రెండు రోజులు స్పృహ లేదు. లేచాక ఆ పొద్దున జరిగిందేదీ గుర్తు లేదు. కుడి మణికట్టులో స్టీలు పట్టీ వేసి మరలతో బిగించారు. ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది, ఆగలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. హ్యాండిల్ బోల్టులు వదులుగా ఉన్నాయి, పాపం బిగించడం మర్చిపోయి ఉంటాడు అని.

"మర్చిపోవడమా? ఆయనా?" అని నెరిస్ ఇంతెత్తున లేచింది. విరిగిన సైకిలు పట్టుకొచ్చి గీతలు చూపించింది. "ఇదిగో పసుపు గీత! ఈయన బిగించాడు కాబట్టే గీశాడు. ఇప్పుడు రెండు ముక్కలైంది. ఎవరో తర్వాత విప్పారు!" పడినప్పుడు తిరిగి ఉంటుందిలే అన్నారు. అంతకు మించి ఎవరూ మాట్లాడలేదు. ఆ సైకిల్ని అలాగే, హ్యాండిల్ అడ్డంగా తిరిగినదాన్ని తిరిగినట్టే, కొట్టులో గోడకి వేలాడదీసింది ఆవిడ. విచిత్రమేమిటంటే ఆవిడ ఎంత అరిచినా ఆ రెండు బోల్టులు మాత్రం ఒక్కసారీ కదల్లేదు. వీధి చివర గేటు బిగిసేది గానీ, ఆవిడ వీపు వెనకే ఉన్న అవి బిగిసేవి కావు. వాటికి వాటి కారణం ఉంటుందనుకుని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతి శనివారం ఎవడో గుమ్మం ముందు నిలబడి, "ఆంటీ, అలెడ్ ఇవాళ కూడా బోల్టులు మర్చిపోయాడా?" అన్నాడు.

ఆ పూట మా వీధిలో బిగిసినట్టు బోల్టులు ఎప్పుడూ బిగియలేదు. వారమంతా నిలిచాయి. ఇంకేముంది, ప్రతి శనివారం ఎవరి వంతైనా అదే మాట. ఆరేళ్ళు! ఒక మనిషి గుండెలో ముల్లుంటే తీయాల్సింది పోయి, తమకి పనికొస్తోందని వారం వారం వెళ్ళి నొక్కి వచ్చారు. పైగా నెరిస్ మంచిది, ఊరికి ఎంత సాయమో అని మెచ్చుకునేవాళ్ళు ఆదివారం ప్రార్థనకి చేరినప్పుడు చాపెల్‌లో. సిగ్గులేని జనం.

శనివారం తిట్లు మొదలయ్యే వేళకి అలెడ్ కుక్కని తీసుకుని కొండ వెనక చెరువు దాకా నడిచి వెళ్ళేవాడు. కుక్క కోసమే వెళ్తున్నాడనుకునేది నెరిస్.

కిందటి సెప్టెంబరులో పెద్ద పోటీ వచ్చింది. ముందు రోజు సాయంత్రం నెరిస్ వంటింట్లో లీక్ కాడల సూపు కలుపుతుంటే అలెడ్ కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో కప్పు పట్టుకుని అన్నాడు.

"రేపు చెస్టర్ నుంచి ఒకాయన వస్తున్నాడు. పనిముట్లన్నీ తీసుకుంటానన్నాడు."

"ఎవరి పనిముట్లు?"

"నావే."

నెరిస్ గరిటె పక్కన పెట్టింది. "నీకేమైనా మతి పోయిందా?"

"పోయింది కాబట్టే ఇస్తున్నా. మర్చిపోయేవాడి దగ్గర రెంచి ఉండకూడదు. నాకు కాబట్టి సరిపోయింది. అదే ఇంకొకరి పిల్లలకైతే?"

"నువ్వు మర్చిపోలేదని ఎన్నిసార్లు చెప్పాలయ్యా!"

"నాకు గుర్తు లేదు నెరిస్. గుర్తు లేకపోవడాన్నే మర్చిపోవడం అంటారు."

ఆవిడ నోరు తెరిచింది. అలెడ్ గబుక్కున కుడి మణికట్టు పట్టుకున్నాడు, దెబ్బ తగలకముందే తగిలినట్టు. ఆవిడ చూసింది. అప్పటికి గాని తట్టలేదు ఆవిడకి. బోల్టులన్నీ తిరుగుతుంటే మనిషి చేతిలో ఉన్న మరలు మాత్రం తిరగకుండా ఉంటాయా?

"ప్రతిసారీనా?" అంది మెల్లగా.

"గొంతు వినపడనంత దూరం వెళ్తే ఏమీ ఉండదు. చెరువు దాకా వెళ్తే చాలు." కప్పులోకి చూస్తూ అన్నాడు. "నా తరఫున కోప్పడటం మానెయ్. ఇక చాలు."

ఆ రాత్రి నెరిస్ సూపు ముట్టలేదు. ఆరేళ్ళుగా ఆయన కోసం అరుస్తున్నాననుకుంది. అరిచిందంతా ఆయన ఎముకలకే తగిలింది.

మర్నాడు పొద్దున కొట్టు ముందు ఎప్పుడూ లేనంత జనం. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, వాళ్ళ సైకిళ్ళు, చాపెల్ పక్కన ఐవర్ వ్యాను, గొడుగు కింద పోటీ అధికారిణి. ఆవిడ పైఊరి మనిషి, మహా ఖండితం. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. చక్రంతో సంబంధం లేకుండా హ్యాండిల్ కదిలిందా, ఆ సైకిలు పోటీలోకి పోదు. అప్పటికే వరసపెట్టి చూసి, "మీ ఊరి సైకిళ్ళన్నీ వదులుగానే ఉన్నాయే!" అని ముఖం చిట్లించింది.

"అయిదు నిమిషాలు ఆగండి మేడమ్, అన్నీ బిగుస్తాయి" అన్నాడు ఐవర్ ధీమాగా.

నెరిస్ బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. వెనక గదిలో అలెడ్ పనిముట్లు నూనె గుడ్డతో తుడిచి పెట్టెల్లో సర్దుతున్నాడు. ఆ వేళ ఆయన చెరువుకి వెళ్ళలేదు, చెస్టర్ మనిషి వస్తాడని ఉండిపోయాడు.

"ఇవాళ తిట్లు లేవు" అంది నెరిస్. "ఎవరి బోల్టులు వాళ్ళు బిగించుకోండి."

అందరూ పగలబడి నవ్వారు. ముందుగా రోద్రి వచ్చాడు. గనిలో లారీ నడిపే మనిషి, ప్రతి పోటీకీ ఐవర్ వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని వెళ్తాడు. "ఆంటీ, మీ వెల్ష్ కేకు ఒకటి నా బ్రేకులో పెట్టాను. భలే పట్టుకుంటోంది!"

నెరిస్ తల ఊపింది. "పట్టుకోనీ నాయనా."

ఒక్క బోల్టూ కదల్లేదు.

"కాయిర్‌లో మీరు పాడుతుంటే గొర్రెలు సమాధానం చెప్తున్నాయట ఆంటీ!" అన్నాడు ఇంకొకడు.

"చెప్పనీ."

"ఈసారి సైకిలు ఇంగ్లండు కొట్టులో బాగుచేయించాను ఆంటీ. మీ కంటే వాళ్ళే నయం!"

మామూలుగా అయితే ఆ మాటకి ఊరి చివర గేట్లు కూడా బిగిసేవి. నెరిస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వానలోకి చూస్తూ కూర్చుంది. అప్పుడు రోద్రి అందరి వంకా చూసి ఆ మాట బయటికి తీశాడు.

"అలెడ్ ఇవాళేం మర్చిపోయాడు ఆంటీ?"

"అన్నీ" అంది నెరిస్. "పనిముట్లు ఇచ్చేస్తున్నాడు. మీకిక ఆ మాట కూడా పనికిరాదు, వెళ్ళండి."

నవ్వులు ఆగిపోయాయి. అధికారిణి గడియారం చూసుకుంది. మావాళ్ళెవరి దగ్గరా అలెన్ కీ లేదు. ఉన్నా ఏది ఎంత బిగించాలో తెలిసినవాడు లేడు. ఐవర్ ముఖం ఎర్రబడింది. పోటీ ఆగితే వచ్చే ఏడు దాన్ని పక్క లోయవాళ్ళకి ఇచ్చేస్తారు. జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"ఏమిటే నెరిస్ ఈ నాటకం? ఇంత మందిని పిలిచాక ఇప్పుడు అలుగుతావా? నీకు కోపం రావాలి, అంతేగా?"

"రాదు ఐవర్. ఎంత గీకినా రాదు."

"వస్తుంది, విను. ఆ రోజు నీ మొగుడి హ్యాండిల్ విప్పింది నేనే. వ్యాన్‌లో ఇంకో సైకిలు పట్టలేదు. రెండు బోల్టులు వదులు చేసి హ్యాండిల్ అడ్డంగా తిప్పి ఇరికించాను. పైకి వెళ్ళాక సూటిగా పెట్టాను, బిగించడం మర్చిపోయాను. చాలా? ఇప్పుడు నోరు తెరువు!"

"భలే ఐవర్! కొత్తది పట్టాడు!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. గుమ్మం ముందు మాటే కదా, లెక్కలోకి రానిదే కదా. ఐవర్ ధైర్యం కూడా అదే. ఆరేళ్ళు కడుపులో దాచుకున్న నిజాన్ని అబద్ధాల బుట్టలో పడేస్తే ఎవరికీ దొరకదనుకున్నాడు.

కొట్టు లోపల ఏదో కిర్రుమంది.

నెరిస్ వెనక్కి తిరిగింది. గోడ మీద సైకిలు. ఆరేళ్ళుగా కదలని రెండు బోల్టులు, ఈ నిజం కోసమే ఆగినట్టు, మెల్లగా, తుప్పు రాలుస్తూ తిరుగుతున్నాయి. గుమ్మం దగ్గరున్నవాళ్ళందరికీ కనపడింది. బోల్టు తల మీద సగం గీత, లోహం మీద సగం గీత. తిరిగి తిరిగి ఒకదాని ఎదురుగా ఒకటి వచ్చాయి. పసుపు గీత ఒక్కటైంది, అక్కడ ఆగాయి.

చప్పట్లు కొట్టినవాడి చేతులు అలాగే ఉండిపోయాయి.

నెరిస్ లేచి నిలబడింది. అరవలేదు. "ఇంకెవరికి తెలుసు?" అంది.

 రోద్రి తన బూట్లు చూసుకుంటున్నాడు. వాడి పక్కవాడూ అంతే. ఆ రోజు వ్యాన్‌లో వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుతుంటే ఎవరెవరో లెక్క తెలిసిపోయింది. తెలుసు. చెప్పకపోగా శనివారం శనివారం వంతులేసుకుని వచ్చి, మర్చిపోయాడా అని అడిగి, బోల్టులు బిగించుకుని పోయారు.

నెరిస్‌కి అప్పుడు వచ్చింది కోపం. దానికి గొంతు లేదు. గొంతు వినపడినంత మేర అన్న హద్దు కూడా లేకుండా పోయింది. ముందు కొట్టు ముందున్న సైకిళ్ళన్నీ ఒకేసారి మూలిగాయి. హ్యాండిళ్ళు ఎటు తిరిగినవి అటే బిగిసిపోయాయి. చక్రాల ఇరుసులు బిగిసి చక్రాలు ఆగాయి. పెడళ్ళు కదలవు. చాపెల్ తలుపు కీళ్ళు, బడి గేటు, బస్టాపు బెంచీ కింది నట్లు, ఒకటొకటే లోయ పొడుగునా కిర్రుమంటూ వెళ్ళాయి. ఐవర్ వ్యాన్ నాలుగు చక్రాలూ కీచుమని అరిచి బిగుసుకుపోయాయి. అధికారిణి గొడుగు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోయింది. పెళుసు హ్యాండిల్ ఒకటి ఫట్‌మని పగిలింది. ఇంకాసేపుంటే అన్నీ పగిలేవి. పగలనీ అన్నట్టే ఉంది నెరిస్ ముఖం. నా మటుకు నాకు పగిలితే బావుండుననే అనిపించింది.

వెనక గదిలోంచి అలెడ్ వచ్చాడు. కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకున్నాడు, పెదవులు తెల్లబడ్డాయి. ఆయన్ని చూడగానే నెరిస్ తన నోటిని చేత్తో మూసుకుంది, అరవకపోయినా. కిర్రుమనడం ఆగిపోయింది. ఏదీ వదులవ్వలేదు గానీ ఇంకా బిగియడం ఆగింది.

"నీ చెయ్యి" అంది.

"చేతి సంగతి తర్వాత." అలెడ్ ఐవర్ వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. అది లేకపోవడం చూసే ఐవర్ వెనకడుగు వేశాడు. "ఒరేయ్, పైకెళ్ళాక సూటిగా పెట్టానన్నావు. ఎలా పెట్టావు? కంటితో చూసి పెట్టావా?"

ఐవర్ అన్నాడు, "కంటితోనే."

"ఎడమకి కాస్త వంకరగా పెట్టావురా." అలెడ్ కళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి. "ఎక్కగానే అనిపించింది నాకు. హ్యాండిల్ కొంచెం ఎడమకి ఉందేమిటి అని. నేను బిగించింది వంకరగా ఎందుకుంటుంది, నా కళ్ళే సరిగా లేవనుకుని బయల్దేరాను." ఆయన నెరిస్ వైపు తిరిగాడు. "గుర్తొచ్చింది నెరిస్. పొద్దునే బిగించాను. ఈ మెట్టు మీదే కూర్చుని గీశాను. నువ్వు టీ తెచ్చి పక్కన పెట్టావు, కుక్క తన్నేసింది."

"తన్నేసింది" అంది నెరిస్. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టింది, "ఆరేళ్ళా అయ్యా గుర్తు రావడానికి!" అని. ఆ తిట్టుకి ఏ బోల్టూ తిరగలేదు.

ఐవర్ చేతులు చాపాడు. "చూడు అలెడ్, గుమ్మం ముందు అన్న మాట లెక్కలోకి రాదని..."

"రాదు" అంది నెరిస్ కళ్ళు తుడుచుకుంటూ. "అందుకే రోడ్డు దాటి అవతల చాపెల్ మెట్ల మీద నిలబడి చెప్పండి. అందరూ. అలెడ్ మర్చిపోలేదు అని. గట్టిగా. మిసెస్ పారీకి చెవుడు, ఆవిడకి వినపడాలి. వినపడినవాడి సైకిలే ఈ కొట్టులోకి వస్తుంది. లేనివాడు బిగిసిన సైకిల్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి పోవచ్చు."

అధికారిణి కలగజేసుకోబోయింది. నెరిస్ ఆవిడ వైపు ఒక్క చూపు చూసింది. ఆవిడ బిగిసిన గొడుగుని భుజాన వేసుకుని పక్కకి జరిగింది.

ముందు రోద్రి వెళ్ళాడు. వానలో మెట్ల మీద నిలబడి ఏదో గొణిగాడు. కిటికీలోంచి మిసెస్ పారీ, "ఏమంటున్నాడు? వినపడటం లేదు!" అంది. మళ్ళీ చెప్పాడు, ఇంకోసారి చెప్పాడు. మూడోసారి ఊరంతా వినపడింది. వాడి వెనక మిగతావాళ్ళు. నేనూ వెళ్ళి చెప్పాను. నేను ఆ వ్యాన్‌లో లేను, ఆ మాట ఎన్నడూ అనలేదు, అయినా వెళ్ళి చెప్పాను. ఆరేళ్ళు ఆ తిట్లు విని టీ తాగిన నోరే కదా.

లోపల అలెడ్ సర్దిన పెట్టెలు మళ్ళీ తెరిచాడు. అలెన్ కీలు వరసగా బల్ల మీద పరిచాడు. అప్పుడే చెస్టర్ మనిషి వచ్చి గుమ్మంలో తడుస్తూ నిలబడి, "పనిముట్ల కోసం..." అన్నాడు.

"వాడుకలో ఉన్నాయండి" అన్నాడు అలెడ్. "ఖాళీగా ఉంటే ఈ చక్రం కాస్త పట్టుకోండి."

పాపం ఆయన పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా పట్టుకుంటూనే ఉన్నాడు. నెరిస్ ఆయనకి మాత్రం టీ ఇచ్చింది. మిగతా ఎవరికీ ఇవ్వలేదు, ఒక్కరితో మాట్లాడనూ లేదు.

కోపానికి బిగిసిన బోల్టుని విప్పడం తేలిక కాదు. బలం చూపిస్తే మర పోతుంది. అలెడ్ కీ పెట్టి, తన బరువంతా దాని మీదికి వంచి, అది టప్పుమని వదిలే దాకా ఓపికగా నొక్కేవాడు. విప్పి, తుడిచి, చుక్క నూనె వేసి, మళ్ళీ వేళ్ళతో మొదలుపెట్టి, రెంచి టక్కుమనగానే ఆపేవాడు. ఎవడి సైకిల్ని వాడి చేతే పట్టించి, "చూడు, ఇక్కడ ఆపాలి. వచ్చే శనివారం నువ్వే చేసుకోవాలి" అని చూపించేవాడు. బుద్ధిగా చూశారు.

మొదటి సైకిలు అయ్యాక ఆయన పసుపు రంగు డబ్బా తీశాడు. ఆరేళ్ళలో ఎండిపోయి ఉంటుందనుకున్నాం, ఎండలేదు. సన్నటి కుంచె పట్టుకున్నాడు. ఆ చెయ్యి కప్పు కూడా పట్టలేని చెయ్యి. నెరిస్ అటు చూడలేక కెటిల్ వైపు తిరిగింది. అలెడ్ కుంచెని బోల్టు తల మీద ఆనించి లాగాడు.

"నెరిస్" అన్నాడు. "ఇటు చూడు."

గీత సూటిగా ఉంది.

ఆవిడ వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అధికారిణి హ్యాండిల్ తిప్పి చూసినట్టే. ఎక్కడా వదులు లేదు. ఆవిడ తర్వాతి సైకిలు లోపలికి లాగింది.

పోటీ సాయంత్రం మొదలైంది. ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు, ఎవరికీ గుర్తుండి ఉండదు. చివరి సైకిలు వెళ్ళిపోయాక అలెడ్ వాకిట్లో చేతులు కడుక్కుంటున్నాడు. రోడ్డు అవతల నుంచి ఐవర్ వచ్చాడు. వాడూ మెట్ల మీద నిలబడి చెప్పాడు, అందరికంటే చివర, మిసెస్ పారీకి వినపడేదాకా. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది. ఇల్లు కొండకి అవతల, నడిచి వెళ్తే చీకటి పడుతుంది.

"అలెడ్" అన్నాడు మెల్లగా. "నా వ్యాను... చక్రాలు కదలడం లేదు. అది కూడా కాస్త..."

అలెడ్ చేతులు తుడుచుకుని, తువ్వాలు నెరిస్ భుజం మీద వేసి, గోడ మీది తన పాత సైకిలు వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఐవర్ వైపు చూశాడు.

"అయ్యో, వ్యాను కూడా ఉంది కదూ!" అన్నాడు. "మర్చిపోయానురా."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ వ్యాను ఇప్పటికీ చాపెల్ పక్కనే ఉంది. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది, వాన పడితే గొర్రెలు దాని కింద పడుకుంటాయి.